మెట్ల మీంచి దూకినావిడ

మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో ఉన్న లాండ్రీ రూమ్‌లో తడి దుప్పటి తీసి రెండు చేతులతో గట్టిగా విదిలిస్తే ఫట్‌మని ఒక చప్పుడు వస్తుంది. పాత కుంగ్‌ఫూ సినిమాల్లో చెయ్యి విసిరినప్పుడు పొడుగు చేతుల చొక్కా చేసే చప్పుడు అచ్చం అదే. దెబ్బ ఇంకా తగలకముందే ఆ చప్పుడు వస్తుంది. జెర్సీ సిటీలో ఇన్నేళ్ళుగా దుప్పట్లు ఉతుకుతున్నా, అది విన్నప్పుడల్లా నేను ఒక్క క్షణం ఆగిపోతాను. మొన్న శనివారం అలాగే దుప్పటి పట్టుకుని నిలబడిపోతే పక్క మెషీన్ దగ్గరున్న పెద్దాయన అంతా బాగానే ఉందా అని అడిగాడు. బాగానే ఉందన్నాను. ఉమక్క చనిపోయి రెండేళ్ళవుతోందని, ఈ చప్పుడంటే ఆవిడకి ప్రాణమని ఆయనకేం చెప్తాను?

ఉమక్క నాకు మేనేజరు. ఐదడుగులు కూడా ఉండేది కాదు. కాటన్ కుర్తా, కింద రన్నింగ్ షూస్, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు. మాన్‌హాటన్‌లో రైలు దిగి ఆవిడ నడుస్తుంటే ఆవిడలో సగం వయసున్న నేను పరుగెత్తాల్సి వచ్చేది. ఉద్యోగంలో చేరిన మొదటి వారం, పొద్దున రైల్లో నిలబడి ఫోన్‌లో ఏదో పాత ఫైట్ చూస్తున్నాను. హీరో చేతులు కనపడనంత వేగంగా కొడుతున్నాడు. నా భుజం పక్క నుంచి ఒక గొంతు తెలుగులో అంది: "అది ఫాస్ట్ చేసిన ఫైట్."

తిరిగి చూస్తే మా మేనేజరు. అయినా నా నోరు ఊరుకోలేదు. "కాదు మేడమ్, ఆయన నిజంగానే అంత స్పీడు."

"ఆయన్ను చూడకు. వెనక జెండా చూడు. గాలికి జెండా గట్ల కొట్టుకుంటదా?"

చూశాను. కోట గోడ మీద జెండా పిచ్చెక్కినట్టు కొట్టుకుంటోంది. మిగతా లోకమంతా కూడా ఆ హీరోతో పాటే తొందరపడుతోంది. నేను నెల్లూరులో చిన్నప్పటి నుంచీ కనీసం యాభైసార్లు చూసిన ఫైట్ అది. ఆ జెండా అక్కడ ఉందన్న సంగతే నాకు తెలియదు. ఆవిడ మీద నాకు పిచ్చికోపం వచ్చింది. ఆ వారమే శనివారం మధ్యాహ్నం వాళ్ళింటికి రమ్మని పిలిస్తే మాత్రం సిగ్గులేకుండా వెళ్ళాను.

పన్నెండో అంతస్తులో వాళ్ళ ఫ్లాట్. శనివారం రెండింటికి సినిమా మొదలు. సర్వపిండి చేసి పెట్టేది. ఆడియన్స్ ముగ్గురమే: ఉమక్క, నేను, మా టీమ్‌లోనే పనిచేసే రాజమండ్రి ఫణి. ఆవిడ కూతురు మేఘన అప్పుడు కాలేజీలో ఉండేది. సెలవులకి వచ్చినప్పుడు సోఫా వెనక నిలబడి, "అమ్మా, మళ్ళీ సేమ్ మూవీనా?" అని తన అమెరికా యాసలో ఆశ్చర్యపోయి వెళ్ళిపోయేది. ఫణికి తాగుబోతు పద్ధతిలో తూలుతూ కొట్టేవాళ్ళంటే పడిచచ్చేంత ఇష్టం. నాకు దక్షిణ చైనా పద్ధతి, కాళ్ళు నేలలో పాతేసినట్టు నిలబడి చేతులతోనే తేల్చేసేవాళ్ళు. ఉమక్కకి కర్ర. హనుమకొండలో ఆవిడ పెదనాన్న కర్రసాము నేర్పేవాడట. అన్నయ్యకి నేర్పుతుంటే పక్కన నిలబడి చూసి చూసి నేర్చేసుకుందట. మాట కుదరనప్పుడల్లా వంటింట్లోంచి మాప్ తెచ్చి, దాని కర్ర ఊడదీసి, హాల్లో తిప్పి చూపించేది. కింది ఫ్లాట్ వాళ్ళు రెండుసార్లు కంప్లైంట్ కూడా చేశారు.

ఆ ఇంట్లో ఒక్కటే నియమం. ఎవరు ఏ మాటన్నా సినిమాలో చూపించాలి. "ఆయనే గ్రేట్ అండీ, మామూలోడు కాదండీ" అని ఫణి మొదలుపెడితే ఆవిడ రిమోట్ అందుకునేది. "ఎక్కడ? వెనక్కి తిప్పుదామా?" ఆ మాటతో ఎన్ని వాదనలు చచ్చిపోయాయో లెక్కలేదు. ముఖ్యంగా కట్ ఎక్కడ పడిందో చూడమనేది. కట్ లేకుండా పదీ పదిహేను దెబ్బలు ఒకే షాట్‌లో కొట్టాడంటే ఆ మనిషికి విద్య వచ్చినట్టు. చెయ్యి లేస్తుంది, కట్, ఎదుటివాడు పడిపోతాడు. అలా ఉంటే మధ్యలో ఏం జరిగిందో మనకి తెలియదు. "తెల్వకపోతే తెల్వదనాలె. నచ్చినోడు కదా అని మనం నింపొద్దు," అనేది. నేను ఆ మాటని సినిమాల గురించే అనుకున్నాను.

ఆవిడకీ ఒక బలహీనత ఉంది. ఒక హీరోయిన్. చిన్నప్పుడు అన్నయ్యతో కలిసి మార్నింగ్ షోలో చూసిన సినిమాలో ఆ హీరోయిన్ సత్రం మెట్ల మీంచి గాలిలో గిరికీ కొట్టి, కింద పదిమంది మధ్యలో దిగుతుంది. "ఆడపిల్ల గట్ల దూకుడు నేను ఫస్ట్ చూసింది గప్పుడే," అని కనీసం నెలకోసారి చెప్పేది. ఒక శనివారం ఆ సినిమానే పెట్టింది. దూకే చోట నాకు ఏదో తేడా కొట్టింది. మెట్ల మీద హీరోయిన్ జడ ఎడమ భుజం మీంచి ముందుకి ఉంది. గాలిలో ఉన్న మనిషికి వీపు మీద ఉంది. ఊరుకుందామనుకున్నాను. ఎంతైనా మేనేజరు, పైగా నా ఎదురుగా ఆవిడ చేసిన సర్వపిండి. కానీ ఆ ఇంట్లో ఊరుకోవడం ఆవిడ నేర్పలేదు.

"అక్కా, వెనక్కి తిప్పుదామా?"

ఫణి నావైపు గుడ్లురిమి చూశాడు. ఆవిడ రిమోట్ తీసుకుని మూడుసార్లు తిప్పింది. మూడోసారి ఆ ఫ్రేము దగ్గర ఆపి, కళ్ళజోడు పెట్టుకుని టీవీ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ చెవులు ఎర్రబడటం నాకు సోఫాలోంచే కనిపించింది.

"ఆమె కాదు. డూప్," అంది చివరికి. "నలభయ్యేండ్ల సంది ఈ దూకుడును తప్పు మనిషి పేరు మీద చెప్తున్న." మావైపు తిరిగి మళ్ళీ అంది: "మరి దూకినామె ఎవరు?"

మేం తప్పు ఒప్పుకోవడంతో కథ అయిపోతుందనుకునేవాళ్ళం. ఆవిడకి అక్కడే మొదలైంది. ఒక నోటుబుక్ తెచ్చి మొదటి పేజీలో పైన 'మెట్ల మీంచి దూకిన ఆమె' అని రాసి, కింద పేరు కోసం ఒక గీత గీసి ఖాళీగా ఉంచింది. దాని కింద గుర్తులు: ఎడమ కాలు ముందు ఆనుతుంది, కుడి చెయ్యి నేలని తాకుతుంది. అప్పటి నుంచి ఏ సినిమా చూసినా వెనక వరసల్లో నీళ్ళు మోసేవాళ్ళని, దెబ్బలు తిని పడేవాళ్ళని చూడటమే మా పని. టైటిల్స్‌లో పేరు లేని ఆ ఒక్క మనిషి కోసం ఆవిడ ఎన్ని డిస్కులు కొన్నదో!

నా సంగతి ఆ మరుసటి ఏడాది. క్లినిక్‌లకి అపాయింట్‌మెంట్లు చూసుకునే సాఫ్ట్‌వేర్ మాది. ఒక గురువారం మధ్యాహ్నం దాని కొత్త వెర్షన్ రిలీజ్ నా బాధ్యత. అయ్యాక టెస్టులన్నీ నడపాలి. నేను సగం నడిపి, ఎప్పుడూ పాసయ్యేవే కదా అని మిగతావాటికి కూడా టిక్ పెట్టేసి లంచ్‌కి వెళ్ళిపోయాను. మర్నాడు పొద్దున కొన్ని క్లినిక్‌ల అపాయింట్‌మెంట్లు ఒక గంట ముందరి టైముకి జరిగిపోయాయి. ఒక పెద్దాయన కూతురు సెలవు పెట్టి ఆయన్ని వీల్‌చైర్‌లో తీసుకొస్తే, మీ టైమ్ అయిపోయిందని తిప్పి పంపించేశారట. అది విన్నప్పుడు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

అయినా రిపోర్టు రాయడానికి కూర్చునేసరికి నా మనసులో ఆ పెద్దాయన వెనక్కి వెళ్ళిపోయాడు, నా వీసా ముందుకొచ్చింది. హెచ్‌వన్ ఎక్స్‌టెన్షన్ కాగితాలు అప్పుడే లాయర్ దగ్గరికి వెళ్ళాయి. ఉద్యోగం పోతే అరవై రోజులే గడువు, తర్వాత పెట్టె సర్దుకోవడమే. కాబట్టి చాలా చక్కగా రాశాను. పన్నెండూ పదికి రిలీజ్. పన్నెండూ యాభైకి టెస్టులు పూర్తి. మర్నాడు ఎనిమిదింటికి ఫిర్యాదు. ఈ రకం తప్పుని పట్టుకునే టెస్టు మన దగ్గర లేదు. టెస్టులు పూర్తి అన్నది సగం అబద్ధం, చివరి వాక్యం శుద్ధ అబద్ధం. ఆ టెస్టు ఉంది, నేను నడపలేదు. మూడింటికి డైరెక్టర్‌తో మీటింగ్. రెండున్నరకి ఉమక్క నన్ను చిన్న కాన్ఫరెన్స్ రూమ్‌లోకి పిలిచి రిపోర్టు స్క్రీన్ మీద పెట్టింది. కిందికి వెళ్ళింది, పైకి వచ్చింది, మళ్ళీ కిందికి వెళ్ళింది. మూడుసార్లు. తర్వాత కళ్ళజోడు తీసి నావైపు తిరిగింది.

"పన్నెండూ పదికి నువ్వు కీబోర్డ్ మీద ఉన్నవ్. పన్నెండూ యాభైకి అన్నీ అయినయ్. వెనక్కి తిప్పుదామా, శైలూ?"

గట్టిగా అరిచి ఉంటే ఎదురు అరిచేదాన్నేమో. అదే శనివారపు గొంతుతో అడిగింది. నేను ఏడ్చేశాను. అంతా చెప్పేశాను, లంచ్‌లో తిన్నదేంటో కూడా చెప్పాను. వీసా సంగతి చెప్పి, "మీరే ఎలాగోలా డైరెక్టర్‌కి చెప్పండి అక్కా, మీరు చెప్తే వింటాడు," అన్నాను.

టిష్యూ పెట్టె నావైపు జరిపింది. "భయమైతున్నదా?"

"అవునక్కా."

"కావాలె. నాకూ అయితున్నది. కానీ నువ్వే చెప్పాలె. నేను డూప్ చెయ్య. పక్కన కూసుంట."

పక్కన కూర్చుంది. నేను రిపోర్టు మార్చి, ఆ నలభై నిమిషాలూ ఉన్నదున్నట్టు చదివాను. ఎక్కడా ఆగలేదు. డైరెక్టర్ మొహంలో ఏమీ కనపడలేదు. ఏం చేద్దామని ఉమక్కని అడిగాడు. నన్ను వెనకేసుకొస్తుందని ఆశగా చూశాను. "మూడు నెలలు ఈమె రిలీజ్ ముట్టుకోవద్దు. నడపని టెస్టుకి ఎవరూ టిక్ పెట్టలేకుండా సాఫ్ట్‌వేర్‌లోనే ఒక చెక్ రాయాలి. అదీ ఈమే రాయాలి," అని ఇంగ్లీషులో ఖచ్చితంగా చెప్పింది. ఉద్యోగం నిలబడింది. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు శనివారాలు వాళ్ళింటికి వెళ్ళలేదు. మూడో శనివారం ఫణి ఫోన్ చేసి, "అక్క నీ ప్లేటు కూడా పెడుతున్నారు, చల్లారిపోతోందండీ బాబూ," అన్నాడు. వెళ్ళాను. ఆవిడ ఏమీ కానట్టు పక్కకి జరిగి చోటిచ్చింది. మూడు నెలలయ్యాక ఒక గురువారం నా డెస్క్ దగ్గరికి వచ్చి, రిలీజ్ బటన్ చూపించి, "నొక్కు," అంది. నేను రాసిన ఆ చెక్ ఇప్పటికీ అక్కడ నడుస్తోంది. నేను చేసిన పనుల్లో నాకు బాగా గర్వంగా ఉన్నది అదే.

తర్వాత ఫణి అరోరా అనే ఊరికి మారిపోయాడు. ఉమక్కా నేనూ ఇంకొన్నేళ్ళు వెతికాం. ఆవిడ జబ్బు చేసినప్పుడు కూడా హాస్పిటల్ మంచం మీద టాబ్లెట్ పెట్టుకుని చూసేది. మందుల మత్తులో నిద్రపోతే నన్ను చూడమనేది. ఆవిడ పోయాక మేఘన ఆ నోటుబుక్, డిస్కులు ఒక పెట్టెలో పెట్టి తెచ్చిచ్చింది. "అమ్మ ఇది శైలజ ఆంటీకే ఇవ్వాలి అని చెప్పింది," అని కూడబలుక్కుని తెలుగులో అంది. మొదటి పేజీలో ఆ గీత ఇంకా ఖాళీగానే ఉంది.

మొన్న శనివారం దుప్పటి బుట్టలో వేసుకుని పైకొచ్చి, అలవాటు ప్రకారం రెండింటికి డిస్కు పెట్టాను. ఆవిడ పెట్టెలో ఇంతవరకూ చూడనిది. నలభై నిమిషాల దగ్గర, సంతలో కొట్లాటలో, ఒక పనిమనిషి అటక మీంచి దూకింది. ఎడమ కాలు ముందు ఆనింది. కుడి చెయ్యి నేలని తాకింది. వెంటనే తల ఎత్తింది. గుండ్రటి మొహం, చెంప మీద పుట్టుమచ్చ, కొంచెం నవ్వు. నేను అరిచిన అరుపుకి పక్క ఫ్లాట్ కుక్క మొరిగింది. చివరి టైటిల్స్‌లో పనిమనిషి వేషానికి పేరు కూడా ఉంది! ఫణికి వీడియో కాల్ చేసి చూపించాను. వాడూ ఏడ్చాడు. "ఆవిడేనండీ! రాసెయ్ శైలూ, అక్క కోసమైనా రాసెయ్," అన్నాడు.

నోటుబుక్ తీసి పెన్ను పట్టుకున్నాను. ఆ గీత మీద పేరు రాయాలని నాకెంత కోరికగా ఉందో చెప్పలేను. రాసేముందు రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పాను. ఒకసారి. రెండుసార్లు. మూడోసారి కనిపించింది. దూకిన మనిషి చొక్కా చేతులు మణికట్టు దాకా ఉన్నాయి. తల ఎత్తిన మనిషివి మోచేతి దాకా మడిచి ఉన్నాయి. మధ్యలో కట్ ఉంది.

ఫణి ఇంకా లైన్లోనే ఉన్నాడు. "రాశావా?" అని అడిగాడు.

"దూకింది మన మెట్ల ఆవిడే. తల ఎత్తిన మొహం, ఆ పేరు ఆవిడవో కాదో తెలియదు," అన్నాను. నోటుబుక్‌లో సినిమా పేరు, నిమిషం వేసి, అదే మాట రాశాను. మొదటి పేజీలో పైన ఉన్న గీతని అలాగే ఖాళీగా ఉంచి, బుట్టలో ముద్దగా పడున్న దుప్పటి ఆరేయడానికి లేచాను.