జేబులో ఇరవై మిరపకాయలు

బండి మీద చిలకలూరిపేట వెళ్లి బస్సులో తిరిగి వచ్చాను. దారిలో బండి చెడిపోయి ఉంటే అందులో తప్పేమీ లేదు. చెడిపోలేదు. జిన్నింగు మిల్లు ఎదురుగా, టీకొట్టు పక్కన నీడలో నిక్షేపంగా ఉంది. నేను మాత్రం ఇంటికొచ్చి, భోంచేసి, కునుకు తీసి, సాయంత్రం వాకిట్లో బండి కనబడకపోయేసరికి దొంగలెత్తుకుపోయారని వీధి వీధంతా పోగుచేశాను. ముప్ఫై ఏళ్లు పత్రికలో పనిచేసినవాణ్ని కనుక, పోలీసులకిచ్చే ఫిర్యాదు ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ అన్న వరసలో పొందికగా రాయసాగాను. ‘ఎక్కడ’ దగ్గర కలం ఆగింది. మా ఆవిడ నా చొక్కా జేబులోంచి బస్సు టిక్కెట్టు తీసి, ఫిర్యాదు కాగితం మీద పెట్టింది.

మర్నాడు పక్కింటాయన వెళ్లి బండి తెచ్చాడు. దాని తాళంచెవి మా ఆవిడ కొంగుకెక్కింది.

ఆ తాళంచెవి లేకపోతే నాకేం పోతుందో చెప్పాలి. రిటైరయ్యాక కూడా రోజూ పొద్దున్నే పేట వెళ్లి, టీకొట్టు బల్ల మీద నాలుగు పత్రికలు చదివి, వాటిలో తప్పులు పట్టి రావడం నా అలవాటు. ఉద్యోగంలో నాకు మిగిలింది ఆ బల్లే.

మా ఆవిడ నన్ను గుంటూరులో మతిమరుపు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ ఐదు మాటలు చెప్పి, కాసేపు వేరే సంగతులు మాట్లాడి, ఆ ఐదూ తిరిగి చెప్పమంది. రెండు చెప్పాను. మూడోది మోటారు సైకిలన్నాను. అది ఆవిడ చెప్పిన మాట కాదు.

భయపడాల్సిన జబ్బేమీ లేదనీ, రోజూ ఒళ్లు చెమట పట్టేలా నడవమనీ చెప్పింది. నడక గుండెకు చేసే మేలే మెదడుకూ చేస్తుందట. పోయింది తిరిగి వస్తుందని మాటివ్వలేననీ, ఉన్నది నిలబడటానికి ఇంతకంటే చవకైన మందు తనకు తెలియదనీ అంది. మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మంది. ఆ రోజు ఐదు మాటలూ చెబితేనే తాళంచెవి అని మా ఆవిడ అక్కడే తీర్పు చెప్పింది.

మా ఊళ్లో నడవడానికి వీలైన చోటు వరసకు బావయ్యే ఆయన మిరప కల్లం. డెబ్భై ఎనిమిదేళ్లు వచ్చినా ఆరబోసిన కాయల పక్కన మంచం వేసుకుని కాపలా కాస్తాడు. రోజుకు కల్లం చుట్టూ ఇరవై చుట్లు తిరుగుతానన్నాను. ఆయన నా లెక్క నమ్మలేదు.

“బండెక్కడ పెట్టిందీ గుర్తులేనోడివి, చుట్లు గుర్తుంటాయా? చుట్టుకో కాయ జేబులో వేసుకో బావా. కాయ లేకపోతే చుట్టు లేదు.”

మిరపకాయల మూటలు ట్రాక్టరుకెత్తేటప్పుడు ఆయన లెక్క అదే. మూటకో కాయ తీసి తువ్వాల మీద పెడతాడు. సరేనని నేనూ ఒక్కో చుట్టుకు ఒక్కో కాయ జేబులో వేసుకుని, చివర ఇరవై కాయలూ ఆయన ముందు పోసేవాణ్ని. నాలుగో రోజు ఒకే చుట్టుకు రెండు కాయలు వేసుకుంటూ దొరికిపోయాను. అప్పట్నుంచి నా మీద నిఘాకని ఆయన కూడా వెంట తిరగడం మొదలుపెట్టాడు. పనిలేనోళ్లు నడుస్తారని అంతవరకూ నన్ను వెక్కిరించిన మనిషి, వారం తిరక్కుండానే నాకంటే ముందు నడిచేవాడు. నడుస్తూ నాకు ఐదు మాటల పరీక్ష కూడా పెట్టేవాడు. అన్నీ మిరప సాగు మాటలే: నారు, పాదు, పురుగు, తాలుకాయ, కాయలు ఆరబోసే పట్టా. మర్నాడు మార్చమంటే పట్టా, తాలుకాయ, పురుగు, పాదు, నారు.

పరీక్ష రోజు పొద్దున ఇరవై చుట్లూ పూర్తిచేసి, బస్సు వేళయిందని మా ఆవిడ కేకేస్తే అదే చొక్కాతో పరుగెత్తాను. కాయలు జేబులోనే ఉన్నాయి. వాటి మీద జేబురుమాలు కుక్కాను. బస్సులో ఊపిరాడని జనం. ఒకాయన సంచి గుంటూరు దాకా నా గుండెలకు ఆనుకునే వచ్చింది. ఎండు మిరపకాయలకు అంతకంటే మంచి రోలు అక్కర్లేదు.

డాక్టరమ్మ గదిలో ఫ్యాను జోరుగా తిరుగుతోంది. ఆవిడ ఐదు మాటలు చెప్పింది. నాకు కంగారుతో చెమట పట్టింది. రుమాలు లాగి ఒక్కసారి దులిపాను.

మొదటి తుమ్ము నర్సుది. తర్వాత ఎవరిది ఎవరిదో చెప్పలేను. నలుగురం వరండాలోకి వచ్చి పడ్డాం. నేను కళ్లు తుడుచుకున్నది కూడా ఆ రుమాలుతోనే కావడంతో నన్ను కుళాయి దగ్గరికి నడిపించుకెళ్లారు. పావుగంట తర్వాత లోపలికి వెళ్లి కూర్చున్నాక డాక్టరమ్మ ముక్కు తుడుచుకుంటూ నర్సు వైపు చూసింది.

“నేనీయనకు ఏం మాటలు చెప్పాను?”

నర్సు రాసుకోలేదు. మా ఆవిడ మూడు చెప్పి ఆగిపోయింది. గదిలో అందరూ ఎర్రటి కళ్లతో నావైపే చూశారు.

“తాళం, బెల్లం, పావురం, గోడ, గొడుగు,” అన్నాను.

డాక్టరమ్మ కాసేపు ఆలోచించి, అవే అయి ఉండాలంది. ఇది నడక వల్లో, తాళంచెవి మీద ఆశ వల్లో నేను తేల్చి చెప్పలేను. ఒక్క మనిషి సాక్ష్యంతో వార్త రాయకూడదని నాకు నేర్పారు, అందునా ఆ మనిషి నేనే అయినప్పుడు. డాక్టరమ్మ నడక మాత్రం ఆపొద్దని చెప్పి, మా ఆవిడ వైపు తిరిగి మీరు కూడా నడవండమ్మా అంది.

ఇంటికొచ్చాక మా ఆవిడ కొంగుముడి విప్పి తాళంచెవి నా చేతిలో పెట్టింది. బండెక్కి స్టార్టు చేశాను. మూడు నెలలు కదలని బండి చిన్న దగ్గు దగ్గి ఊరుకుంది. మెకానిక్కు ఉండేది ఊరి చివర, కల్లం దాటాక. తోసుకుంటూ బయలుదేరాను. వెనకాలే మా ఆవిడ, డాక్టరమ్మ మాట ఆ పూట నుంచే అమలుచేస్తూ నడిచింది.

కల్లం దగ్గర బావ మంచం దిగి వచ్చాడు. బండి వంక చూశాడు, నా చెమట వంక చూశాడు, ఒక కాయ తీసి నా జేబులో వేశాడు.

“ఇదీ ఒక చుట్టే,” అన్నాడు.

మా ఆవిడ తనకూ ఒక కాయ ఇమ్మని చెయ్యి చాపింది.