ఇసుకకు చెవి పెట్టిన అయ్యవారు

మా సోషల్ అయ్యవారు పోయారని ఆదివారం పొద్దున చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. "అక్కా, అయివారు పోయినారు. పేపరు చదువుతా చదువుతా అట్లే వాలిపోయినారంట" అంది. ఆ మాట విని కాసేపు ఏడ్చాను, తర్వాత కొంచెం నవ్వొచ్చింది. పేపరు చేతికొస్తే ఆయన ముందు విదేశీ వార్తల పేజీ వెతికేవారు. ఊళ్లో ఎవరు గెలిచారో, ఎవరు ఓడారో ఆయనకు పట్టేది కాదు.

"మీ ఇంట్లో లాంతరు యాడ వెలుగుతాదో తెలుసునా? కువైట్ కాడ" అన్నది తొమ్మిదో తరగతిలో ఆయన మాకు చెప్పిన మొదటి మాట. నవ్విన వాడి నెత్తిన సుద్దముక్క పడింది.

మాది తాడిపత్రి దగ్గర, పెన్న ఒడ్డున ఒక వీధి. పెన్నలో పారే నీళ్లను మేం చూసిన రోజులు తక్కువ. వేసవి వస్తే నది ఇసుకలో గుంట తవ్వుతాం. దాన్నే చెలమ అంటాం. ఊరిన నీటిని చిప్పతో తోడి బిందె నింపుకుంటాం. ఎగువన బండల పాలిష్ ఫ్యాక్టరీలు వదిలిన తెల్ల బురద ఎండి పెచ్చులు కట్టి ఉండేది. దాన్ని దాటుకుని దిగువన తవ్వేవాళ్లం. అయ్యవారు కూడా సైకిలుకు బిందె కట్టుకుని వచ్చేవారు.

ఇరాక్ మీద యుద్ధం మొదలైన వేసవి అది. ఒక సాయంత్రం మా నాన్నను కన్న జేజి తవ్విన చెలమలో నీళ్లు రంగులు తిరుగుతూ ఊరాయి. ఏదో ఘాటు వాసన. జేజి అయ్యవారిని పిలిచింది. ఆయన వేలు ముంచి వాసన చూశారు. మళ్లీ ముంచి, మళ్లీ చూశారు.

"చమురు" అన్నారు చివరికి. "అరబ్బు దేశాల్లో గూడా ఇట్లే, ఇసుక కిందనే దొరికినాది."

ఆ మాట అన్నాక ఆయన వంగి ఇసుకకు చెవి ఆనించారు. మమ్మల్నీ ఆనించమన్నారు. విన్నాను. లోపల ఎక్కడో, చాలా లోతున, ఏదో కొట్టుకుంటోంది. డబ్. డబ్. డబ్. కరెంటు కోత వేళ కావడంతో ఫ్యాక్టరీల రంపాల మోత కూడా లేదు. ఎండిన నది మీద పదిమందిమి బోర్లా పడుకుని భూమి గుండె వింటున్నాం. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

కువైట్‌లో డ్రైవరు పని చేసి వచ్చిన పక్కింటాయన "ఇదే వాసనన్నా! వాళ్ల దేశమంతా ఇదే వాసన" అని గంతేశాడు. జేజి పత్తి వత్తిని ఆ నీటి మీది తెట్టులో ముంచి, చిప్పలో పెట్టి వెలిగించింది. వెలిగింది! చిప్పను చెలమలోకి వదిలితే దీపం నీళ్ల మీద మెల్లగా తిరిగింది. మా వెంట వచ్చిన కుక్క దూరంగా నిలబడి మూలిగింది. "గంగమ్మ ఇచ్చినాది, కాదనగూడదు" అంటూ జేజి దోసిలి పట్టి తీర్థంలా తాగేసింది. అయ్యవారు ఆమె పక్కనే ఉన్నారు. ఆపలేదు. ఆయన చూపంతా దీపం మీదే ఉంది. ఆ ఒక్క సంగతికి ఆయన మీద నాకు చాన్నాళ్లు కోపం ఉండేది.

రెండు రోజులు మా వీధి వీధంతా షేకులమైపోయాం. జేజి మాత్రం వాంతులతో మంచం పట్టింది.

మూడోనాడు అయ్యవారు మళ్లీ ఇసుకకు చెవి పెట్టి పడుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. ఉన్నట్టుండి ఒడ్డు మీద బల్బులు వెలిగాయి. చప్పుడు ఆగిపోయింది. ఆయన లేచి కూర్చున్నారు.

"కరెంటు వస్తానే భూమి గుండె ఆగిపోతాదామ్మే?" అన్నారు.

ఇద్దరం ఎగువకు నడిచాం. ఒక పాలిష్ షెడ్డు వెనక, కరెంటు కోతలో నడిపే జనరేటరు ఇంకా వేడిగా ఉంది. దాని పక్కన ఇసుకలో సగం పూడ్చిన డ్రమ్ములు వరసగా ఉన్నాయి. "యుద్ధం పెద్దదైతే డీజిలు దొరకదని మా ఓనరు దాచిపెట్టినాడు సార్. ఒకటి కారతాండాది" అన్నాడు కాపలా మనిషి, అదేం పెద్ద విషయం కాదన్నట్టు. అయ్యవారు ఇసుకలో చతికిలపడ్డారు.

ఆ సాయంత్రమే వీధి మధ్య నిలబడి చెప్పారు. "చమురు కాదు, డీజిలు. తప్పు నాదే. నాకొచ్చిన పాఠాన్ని నదికి అంటగట్టినా." జనానికి కోపం వచ్చింది, ఫ్యాక్టరీ మీద కాదు, ఆయన మీద. "గమ్మునుంటే ఏం పోయె ఈయనకు" అన్నారు. తర్వాత అయ్యవారు మా ఇంటికొచ్చి జేజి మంచం పక్కన కింద కూర్చున్నారు. "నీ మాటకు తాగలేదులే నాయనా, నా ఆశకు తాగినా" అంది జేజి. ఆమె బతికింది గానీ, ఏం తిన్నా ఆ వాసనే వస్తోందని పోయేదాకా అంటూనే ఉంది.

అయ్యవారు అర్జీల మీద అర్జీలు పెట్టారు. యుద్ధం వార్తలు సద్దుమణిగాక ఎవరో డ్రమ్ములు ఎత్తుకుపోయారు. తెల్ల బురద మాత్రం అలాగే ఉంది. ఇప్పుడు నేనూ పంతులమ్మనే. పాఠం తప్పు చెబితే మర్నాడు పిల్లల ముందే ఒప్పుకుంటాను. అది నాకు నేర్పింది ఆయనే.

మూడో రోజు కర్మ పెన్నలోనే చేశారు. అందుకోసం చెలమ తవ్వారు. నీళ్లు తేటగా ఊరాయి. "ఆయన పేరు చెప్పి తలా గుక్కెడు తాగి పోండప్పా" అంది అయ్యవారి భార్య. మా వీధి వాళ్లంతా ఒక్కొక్కరే వంగి దోసిలి పట్టారు. తాగే ముందు ప్రతి ఒక్కరూ ఆ దోసిలిని ముక్కు దగ్గరకు తెచ్చుకున్నారు. చేయమని ఎవరూ చెప్పలేదు. ఆ వేసవి తర్వాత పుట్టిన పిల్లలు కూడా అలాగే చేశారు. నేనూ చేశాను. ఏ వాసనా లేదు. నీళ్లు చల్లగా ఉన్నాయి. వేళ్ల సందుల్లోంచి మొత్తం కారిపోయేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాను.