కడక్ రొట్టెల డబ్బా

ఒకచోట కుదురుగా కూర్చునే గుణం నాకు చిన్నప్పటి నుంచీ లేదు. పొద్దున ఉప్మా తింటూ మధ్యాహ్నం కూర గురించి ఆలోచిస్తాను, మధ్యాహ్నం అన్నం కలుపుకుంటూ రాత్రి రొట్టెల గురించి ఆలోచిస్తాను. "నీ నోట్ల బుక్క ఇయ్యాలది, మనసుల బుక్క రేపటిది" అంటాడు మా ఆయన. కోపం రావాల్సిన మాటే, కానీ నిజం కాబట్టి ఊరుకుంటాను.

అయితే ఆ ఏడాది నా తొందరకు కారణం ఉంది. బాన్సువాడలో ఒక ప్రైవేటు బడిలో పదకొండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను అప్పటికి. సర్కారు టీచర్ పరీక్ష రెండుసార్లు రాసి, రెండుసార్లూ కొద్దిలో పోగొట్టుకున్నాను. మూడోసారి కూడా పోతే, మళ్లీ నోటిఫికేషన్ పడేసరికి నా వయసు దాటిపోతుంది. చదవడానికి నాకు కావాల్సింది రోజుకు రెండు గంటలు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది. ఇంకేమీ అడగలేదు నేను ఎవరినీ.

ఇంట్లో నలుగురం. బీర్కూర్ రోడ్డు మీది రైస్‌మిల్లులో పనిచేసే మా ఆయన, ఏడో తరగతి చదివే మా పాప, మా అత్తమ్మ, నేను. బడి నుంచి నేను వచ్చేసరికి ఐదు దాటుతుంది. చెప్పులు విడవకముందే పాప అడుగుతుంది, తినడానికి ఏమున్నది మమ్మీ అని. ఏముంటుంది నా తలకాయ! దుకాణానికి పంపితే చిప్స్ ప్యాకెట్ తెచ్చుకుని, సగం తిని, రాత్రి అన్నం దగ్గర మొహం తిప్పుకుంటుంది. తరువాత కూర. ఫ్రిజ్ తెరుస్తాను, మూస్తాను, ఏదో కొత్తగా మొలిచి ఉంటుందన్నట్టు మళ్లీ తెరుస్తాను. ముదిరిన బీరకాయ ఒకటి కనబడుతుంది. చింతపండు అప్పుడు నానబెట్టాలి, వెల్లుల్లి అప్పుడు ఒలవాలి. చేతగాని రోజు కర్రీ పాయింటుకు ఉరకాలి. ఇదంతా అయ్యాక జొన్నరొట్టెలు. మా ఇంట్లో రాత్రి రొట్టె లేకపోతే తిన్నట్టే కాదు. అత్తమ్మ మణికట్లు నొప్పి పట్టినప్పటి నుంచి రొట్టెలు కొట్టేది నేనే. ఒక్కొక్కటీ అరచేత్తో కొట్టి, పెనం మీద వేసి, తడి అద్ది, తిప్పి కాల్చేసరికి గడియారం ఎనిమిది దాటి నన్ను వెక్కిరిస్తూ ఉండేది. పుస్తకం సంచిలోనే ఉండేది.

ఒక ఆదివారం ఇక నావల్ల కాదనిపించి, పాప డ్రాయింగ్ షీటు ఒకటి లాక్కుని ఇంటికి టైంటేబుల్ గీశాను. సోమవారం పుంటికూర పప్పు. మంగళవారం ఆలుగడ్డ టమాట. బుధవారం కోడిగుడ్డు పులుసు. గురువారం పచ్చిపులుసు, దానికి పొయ్యి వెలిగించే పనే లేదు. సాయంత్రం పాపకు ఒకరోజు గుడాలు, అంటే నానిన సెనగలు ఉడికించి తాలింపు పెట్టడం, ఒకరోజు పల్లీలు బెల్లం, మిగతా రోజులకు డబ్బాడు అటుకుల చుడువ. వారానికి ఒక్కసారి అంగడికి పోవాలి, రాసుకున్నవి తప్ప వేరే కొనకూడదు. ఆదివారం పొద్దున్నే చింతపండు గుజ్జు తీసి సీసాలో పోయాలి, అల్లం వెల్లుల్లి నూరి పెట్టాలి. మా ఆయన షీటు ముందు నిలబడి వేలు పెట్టి చదివాడు.

"ఇంట్ల గూడ గంట కొడ్తవా ఏంది?"

"కొడ్త. లేటొచ్చినోళ్లను బయట నిలబెడ్త గూడ."

అన్నీ సర్దుకున్నాయి కానీ రొట్టెలు సర్దుకోలేదు. దానికి మందు మా బడిలో తెలుగు చెప్పే టీచర్ చెప్పింది. ఆమె పుట్టిల్లు మహారాష్ట్ర సరిహద్దు వైపు. అక్కడ జొన్నరొట్టెను పలచగా కొట్టి, సన్నని మంట మీద తడి పోయేదాకా కాల్చి, అప్పడంలా గట్టిపడ్డాక పేర్చి పెట్టుకుంటారట. కడక్ రొట్టెలు. రెండు వారాలైనా చెడిపోవు, పప్పులోనో పులుసులోనో విరిచి వేసుకుంటే మెత్తబడతాయి. ఆ ఆదివారం నడుము విరిగేలా కొట్టాను. పెద్ద స్టీలు డబ్బా నిండింది. నిండిన ఆ డబ్బాను చూస్తే, పరీక్ష సగం పాసైనట్టే అనిపించింది నాకు.

అత్తమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి, డబ్బా చూసి, అక్కడే ఆగిపోయింది.

"ఎవలు పోతుండ్రు ఊరికి?"

"ఎవలు పోతలేరు అత్తమ్మా. వారం రోజులు తిందామని చేసిన."

ఆమె నమ్మినట్టు లేదు. చిలక్కొయ్యకు వేలాడుతున్న నా సంచి వైపు చూసింది, మళ్లీ డబ్బా వైపు చూసింది. ఆ రాత్రి ఉత్త అన్నమే తిన్నది. "నా పండ్లకు ఆగయి గవి" అన్నది. పప్పులో నానితే మెత్తబడతాయన్నా వినలేదు. పళ్ల బాధే అనుకున్నాను.

మొదటి సోమవారం సరిగ్గా ఆరింటికి పుస్తకం తెరిచాను. పావుగంట చదివానో లేదో, అత్తమ్మ చేట తెచ్చి నా ముందు పెట్టింది. "ఖాళీగనే ఉన్నవ్ గదా, గీ బియ్యంల రాళ్లేరు జర." మంగళవారం మా ఆయన ఫోను. "ఇద్దరు దోస్తులొస్తుండ్రు. తిండి రెడీగనే ఉంటది గదా!" అంతకు ముందు టైము లేదని పొయ్యిని తిట్టుకునేదాన్ని. ఇప్పుడు పొయ్యి ఆరిపోయే ఉంది, టైము మాత్రం లేదు, ఎవరిని తిట్టుకోవాలో తెలియలేదు. నా చేతిలో గరిటె లేకపోతే నేను ఖాళీ మనిషినట! ఒళ్లు మండిపోయింది. ఎర్ర స్కెచ్ పెన్ను తీసుకుని, షీటు మీద ఏడు రోజులకూ అడ్డంగా "6 నుంచి 8 మమ్మీ చదువు" అని రాశాను. అప్పటి నుంచి మా ఆయన బుద్ధిగానే ఉన్నాడు. దోస్తులు హోటల్‌కు పోయారు.

కానీ ఇంకో చిక్కు వచ్చింది. వారానికని చేసిన రొట్టెలు బుధవారానికల్లా అయిపోతున్నాయి. గురువారం మళ్లీ పిండి కలుపుతున్నాను, ఎనిమిది దాటుతోంది. పాపను అడిగాను, బడికి తీసుకుపోయి పంచుతున్నావా అని. అది ఒట్టు పెట్టుకుంది. మా ఆయనను అడిగితే, "నేనేమన్న బకాసురున్నా?" అన్నాడు. ఎలుకలనుకుని డబ్బా మూత మీద రోలు రాయి పెట్టాను. తెల్లారి రాయి పెట్టినచోటే ఉండేది, రొట్టెలే తగ్గిపోయేవి. అలా మూడు వారాలు పోయాయి. పరీక్ష నెలన్నరలో పడింది. నిలబడితే కూర్చోవాలనిపించేది, కూర్చుంటే లేవాలనిపించేది. క్లాసులో పిల్లల మీద ఊరికే అరిచేదాన్ని.

పక్కింటావిడకు ఒక బర్రె ఉంది. ఒక గురువారం సాయంత్రం ఆమె గిన్నెడు పెరుగు తెచ్చిచ్చింది. ఎందుకమ్మా అంటే నవ్వింది.

"మీ అత్తమ్మ పున్నెం టీచరమ్మా! దినాం కుడితిల రొట్టెలేస్తున్నది. గవి తిని మా బర్రె ఎంత మంచిగ పాలిస్తుందో."

పెరుగు గిన్నెను గట్టు మీద పెట్టేశాను. నా ఆదివారాలన్నీ ఆ బర్రె తిన్నది! లోపలికి వెళ్లి, మంచం మీద కూర్చున్న అత్తమ్మ ముందు ఖాళీ డబ్బా టక్కున పెట్టాను.

"నేను పాసైతే ఓర్వలేవా అత్తమ్మా? రెండు గంటలు. గా రెండు గంటలు గూడ నాకు దక్కనియ్యవా?"

అనకూడని మాట. అంటున్నప్పుడే తెలుసు, అయినా ఆపుకోలేకపోయాను. ఆమె తిరిగి అరుస్తుందనుకున్నాను. అరవలేదు. డబ్బాను ఒళ్లోకి తీసుకుని, మూత పెట్టింది, తీసింది.

"నా చిన్నప్పుడు మా అవ్వ గీ రొట్టెలే చేస్తుండె" అన్నది. అవ్వ అంటే వాళ్లమ్మ. "దసరా అయినంక చెరుకు కొట్టనీకి మహారాష్ట్ర పోయేది. పొయ్యేముందు రెండు దినాలు గిట్లనే గుట్ట పేర్చేది. నేను నిద్ర లేసేవరకు రొట్టెల్లేవు, మా అవ్వ లేదు. ఒక్కటన్న ఇంట్ల ఉంచకపోయేది. మల్ల ఎండలు ముదిరినంకనే వచ్చుడు."

నేను మంచం కోడు పక్కన కింద కూర్చున్నాను.

"నువ్వు పాసైతే గా సర్కారోళ్లు నిన్ను ఏడ ఏస్తరో. పిల్లను గూడ తీస్కపోతవ్. డబ్బా ఖాళీ ఉంటే ఇగ ఏం పట్టుకపోతవ్ అనుకున్న. ముసల్దాని తెలివి."

ఎక్కడికీ పోను అత్తమ్మా అని అనేస్తే ఆ పూట సులువుగా గడిచిపోయేది. కానీ అది అబద్ధం. నేను చదువుతున్నదే పోవడానికి. పదకొండేళ్లు ఒకే బోర్డు ముందు నిలబడి, ఆ కిటికీలోంచి పోయే బస్సులను చూసి చూసి విసిగిపోయాను. సిగ్గేసింది కానీ నిజమే చెప్పాను.

"పాసైతే పోత అత్తమ్మా. కని మల్లొస్త."

"మా అవ్వ గూడ గట్లనే అనేది."

"రాకపోయేదా?"

"వచ్చేది. ఒక యేడు రాలే."

అంతే చెప్పింది. ఎందుకు రాలేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. పెరుగు గిన్నె గట్టు మీదే ఉండిపోయి, రాత్రికి పులిసింది.

మూడు రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు. ఆదివారం నేను పిండి కలుపుకుని కూర్చుంటే, ఆమె వచ్చి పక్కన పీట వేసుకుంది. కాసేపు చూసి ఉండబట్టలేకపోయింది. "అంచు మందం పెడ్తున్నవ్. లోపల తడుంటది, బూజు పడ్తది. గింత చేస్తున్నవ్ గని ఇగురం లేదు." ఇగురం అంటే ఒడుపు. మణికట్టు నొప్పితోనే రెండు రొట్టెలు కొట్టి చూపించింది. నావి వాటి ముందు దిగదుడుపే. అన్నేళ్లు మంచం మీద కూర్చుని నా మందపు రొట్టెలు ఎలా ఓర్చుకుందో ఏమో! ఆ వారం నుంచి డబ్బా శనివారం దాకా వచ్చింది. పక్కింటావిడ మాత్రం మా అత్తమ్మ మారిపోయిందని వాడంతా చెప్పుకుంది.

పాసయ్యాను. ఉద్యోగం మా జిల్లాలోనే, కానీ ఆ చివర, మహారాష్ట్ర సరిహద్దుకు ఆనుకున్న ఊళ్లో పడింది. రోజూ పోయి రావడం కుదరదు. అక్కడ ఒక గది కిరాయికి తీసుకున్నాను. సోమవారం మొదటి బస్సుకు పోతాను, శనివారం సాయంత్రం వస్తాను. పాప చదువు ఇక్కడే, అత్తమ్మ దగ్గరే. టైంటేబుల్‌లో ఇప్పుడు రెండు వరుసలు, ఇల్లు ఒకటి, గది ఒకటి. పప్పు ఏ రోజు ఎవరు వండాలో రాసిన చోట మా ఆయన పేరు కూడా ఎక్కింది. గంట కొట్టేది అత్తమ్మ.

మొదటిసారి పోయే ముందు రోజు నేను రొట్టెలు బట్టలో మూట కడుతున్నాను. అత్తమ్మ వచ్చి, మూటలో చెయ్యి పెట్టి, పైరొట్టె ఒకటి తీసుకుని డబ్బాలో వేసి మూత పెట్టింది. "ఒక్కటి ఇంట్ల ఉండాలె" అన్నది, నా మొహం చూడకుండా. అప్పటి నుంచి ప్రతి ఆదివారం అదే తంతు. శనివారం నేను వచ్చి కాళ్లు కడుక్కున్నాక, పళ్లకు ఆగవన్న ఆ మనిషే ఆ ఒక్క రొట్టెను పప్పులో విరుచుకుని తింటుంది. నేను రాకముందు తినదు, ఇంకెవరినీ ముట్టనివ్వదు.

మొన్న వానల్లో ఒక శనివారం ట్రైనింగ్ పడి రాలేకపోయాను. వస్తలేనని అత్తమ్మకు ఫోన్ చేసి చెప్పాను. సరేనని వెంటనే పెట్టేసింది. ఆ వారమంతా అక్కడ గదిలో నాకు తిండి సయించలేదు. ఫోన్ చేస్తే మా ఆయన విసుక్కున్నాడు. "అవ్వ గా రొట్టెను తింటలేదు, పారేయనిస్తలేదు. దినాం మూత తీసి చూస్తుంది."

ఆ పై శనివారం బస్సు ఆలస్యమైంది. తడిసి ముద్దై ఇంట్లో అడుగు పెట్టేసరికి, అత్తమ్మ పొయ్యి ముందు డబ్బా పట్టుకుని కూర్చుని ఉంది. రెండు వారాల వాన గాలికి రొట్టె మెత్తగా సాగుతోంది. బూజు మాత్రం లేదు, ఆమె నేర్పిన రొట్టె కదా.

"పారెయ్ అత్తమ్మా. రేపు కొత్తయి చేస్త."

వినలేదు. పెనం పెట్టి, సన్నని మంట మీద దాన్ని మళ్లీ కాల్చింది. అటూ ఇటూ తిప్పుతూ, కరకరలాడేదాకా ఓపికగా కాల్చింది. నేను తడి చీరతోనే ఫ్రిజ్ తెరిచి, సోమవారానికి ఏమేం లేవో చూసుకుంటున్నాను.

"మా అవ్వ ఒక్కటన్న ఉంచి పోయుంటె, నేను గూడ గిట్లనే దాసుకుంటుంటినేమో" అన్నది, నాతోనో పెనంతోనో.

ఫ్రిజ్ మూసి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె రొట్టెను రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క నా పళ్లెంలో వేసింది.