ముందు అత్తగారికి బీపీ

2023, మిరపకోతల కాలం. నరసరావుపేటలో మా ఆసుపత్రి క్యాజువాలిటీలో నాకు పగటి డ్యూటీ. ఆ రోజుల్లో ఎండదెబ్బ, తేలుకాటు, కళ్లలో కారం పడటం మామూలే. పద్దెనిమిదేళ్ల సర్వీసులో అన్నీ చూసేశానన్న పొగరు నాకు కాస్త ఉండేది.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీశానో లేదో, ఆటో వచ్చి ఆగింది. రొంపిచర్ల వైపు పల్లె నుంచి అనూష అనే ఇరవై నాలుగేళ్ల అమ్మాయిని వాళ్ల అత్త కోటమ్మ పట్టుకుని దింపింది. ఆ పిల్ల పొట్ట పట్టుకుని వంగిపోయింది. దారిలో మూడుసార్లు వాంతి చేసుకుందట.

"ఎక్కడమ్మా నొప్పి?" అని అనూషను అడిగాను.

"గ్యాసు సిస్టరమ్మా," అంది కోటమ్మ. "నిన్న బజ్జీలు చానా తిన్నది."

"నెలసరి ఎప్పుడొచ్చింది?"

"మొన్న అమాసకి. ఇంట్లో దీపం పెట్టని రోజులు నాకు తెలవకుండా ఉంటయ్యా?" అంది మళ్లీ కోటమ్మే.

మా దగ్గర ఇది కొత్తేం కాదు. కోడల్ని అడిగితే అత్త చెప్తుంది, మొగుణ్ని అడిగితే పెళ్లాం చెప్తుంది. నేనూ అలవాటు కొద్దీ ట్రయాజ్ కాగితం మీద, అంటే ఎవర్ని ముందు చూడాలో తేల్చే కాగితం మీద, 'గ్యాస్ నొప్పి' అని రాసి ఐదో నంబరు ఇచ్చేశాను.

బీపీ చూస్తుంటే అనూష నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఓసారి అత్త వంక, ఓసారి నా వంక చూసింది. ఏదో చెప్పాలనుకుంటోంది. కోటమ్మేమో మంచం దగ్గర స్తంభంలా నిలబడి ఉంది.

"పిన్నీ, మీ మొహం బాగా ఎర్రబడింది. పక్కగదిలోకి రండి, ముందు మీ బీపీ చూడాలి," అన్నాను.

"నాకేందమ్మా? గుండ్రాయిలా ఉన్నా," అంటూనే కదిలింది. ఆ గదిలో ఉన్న సిస్టర్‌కి కన్నుగీటి, "రెండు చేతులకీ చూడు, నిదానంగా," అని చెప్పి వచ్చాను.

కర్టెన్ లాగాక అనూష గడగడా చెప్పేసింది. "కుడిపక్క, పొట్ట కింద అక్కా. పొద్దున ట్రాక్టర్ మీంచి దూకితే ఒక్కసారే పట్టేసింది. పోయిన నెల్లో రెండుసార్లొచ్చి దానంతటదే పోయింది. పెళ్లయి మూడేళ్లయినా పిల్లల్లేరని గుంటూరులో స్కాన్ తీయించుకున్నాం, అత్తమ్మకి తెల్దు. అండాశయం మీద గడ్డుందన్నారు. నాకు పిల్లలు పుడతారా అక్కా?"

నా పొగరంతా అక్కడే దిగిపోయింది. ఇది ఒవేరియన్ టార్షన్ కావచ్చు. అంటే అండాశయం మెలిపడి దానికి రక్తం అందకపోవడం. మేం తరచుగా చూసేది కాదు. మెలి కాస్త వదిలితే నొప్పి తగ్గుతుంది కాబట్టి గ్యాసే అనుకుని ఊరుకుంటారు. ఆలస్యం చేస్తే అండాశయం చచ్చిపోతుంది.

ఐదు కొట్టేసి ఒకటి వేశాను. గైనకాలజిస్టు మేడమ్ పరుగున వచ్చారు. గర్భం లేదని పరీక్షలో తేలింది. రక్తం ఎలా పారుతోందో చూపే డాప్లర్ స్కాన్‌లో కుడి అండాశయం బాగా వాచి ఉంది, రక్తప్రసరణ అంతంతమాత్రం. వెంటనే ఆపరేషన్ అన్నారు మేడమ్.

అప్పుడే కోటమ్మ పక్కగదిలోంచి వచ్చింది. స్ట్రెచర్ మీద నుంచే అనూష గుంటూరు స్కాన్ సంగతి తనే చెప్పేసింది. గొడవవుతుందని నేను భయపడ్డాను.

"ఏమే, నాకు చెప్తే నిన్ను కొరుక్కు తింటానా? నేనే తీసకపోయేదాన్ని గదే గుంటూరికి!" అని కోటమ్మ బావురుమంది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి.

గంటన్నర తర్వాత మేడమ్ నవ్వుతూ బయటికొచ్చారు. అండాశయం నేరేడుపండులా నల్లబడి ఉందట. మెలి విప్పి కాసేపు ఆగితే రంగు తిరిగిందట. గడ్డ తీసేసి అండాశయాన్ని దక్కించారు.

ఇంకో సంగతి. గుండ్రాయి గారి బీపీ నిజంగానే నూట ఎనభై ఉంది. ఆ రోజు నుంచి ఆమెకీ మాత్రలు మొదలయ్యాయి.

మరుసటేడు కోతలప్పుడు ఆ మాత్రల కోసమే వచ్చింది కోటమ్మ. "అనూష ఎలా ఉంది?" అని అడిగాను. "దాన్నే అడుగు, నేనెందుకు చెప్పాలి?" అని ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. "ఐదో నెల అక్కా!" అంది అనూష. నేను డ్యూటీలో ఉన్నానన్న సంగతి కూడా మర్చిపోయి గట్టిగా అరిచేశాను.

పేషెంటు నోటినుంచి వినేదాకా నా కాగితం మీద నంబరు వేయకూడదని అనూష కేసు నాకు నేర్పింది. నాకొక్కదానికే అనుకున్నాను. మాత్రల కోసం వచ్చిన ఆ రోజే కోటమ్మ వెంట పక్కింటావిడ, పొట్ట పట్టుకుని ఆవిడ కోడలూ వచ్చారు. "ఎక్కడమ్మా నొప్పి?" అని నేను కోడల్ని అడగ్గానే పక్కింటావిడ నోరు తెరిచింది.

కోటమ్మ ఆవిడ రెక్క పట్టుకుంది. "పా వదినా, ముందు నీకు బీపీ చూపిద్దాం," అని లాక్కుపోతూ, రెండో చేత్తో కర్టెన్ తనే మూసేసింది.