ఎస్తేరమ్మ టీచరు జానెడు నేత

మొన్న కడపలో ఒక కంప్యూటర్ల అంగట్లో అట్టపెట్టె విప్పుతుంటే థర్మకోలు కీచుమంది. పళ్లు పులిసే ఆ చప్పుడు, దాని వెనకే కొత్త ప్లాస్టిక్కు వాసన. మైదుకూరు బస్టాండు వెనక సందులోని టైపు ఇన్‌స్టిట్యూటు, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని పెట్టెలోకి తొంగిచూసే ఎస్తేరమ్మ టీచరు నా కళ్ల ముందు నిలిచారు. అంగడాయన నాకు లాప్‌టాప్ మూతల రంగులు చూపిస్తున్నాడు. ఒళ్లు మండింది. అర్జీలు, పెళ్లిపత్రికలు టైపు చేసి బతికేవాడికి మూత ఏ రంగులో ఉంటే ఏమి? నోరు తెరిచేలోపే ఆమె మాట గుర్తొచ్చి ఆగాను.

మాది మగ్గాల ఇల్లు. ఆరో తరగతితో నా బడి ముగిసింది. తరవాత చదివిందంతా పొట్లాల కాగితాల్లో, పాత పత్రికల్లో. బడికి పోయినవాళ్ల మీద నాకు ఎప్పుడూ ఒక కోపం ఉండేది. టైపు నేర్చుకుందామని పోతే, ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునే గొంతుతోనే ఎస్తేరమ్మ నన్ను కూర్చోబెట్టి, ముందు నా బతుకంతా అడిగారు. అడగటం ఆమె గుణం. కండక్టరు చేతిలోని టికెట్ల మిషనుకు తరవాతి స్టాపు ఎట్లా తెలుస్తుందో కనుక్కోవాలని ఒకసారి దిగాల్సిన చోటు దాటిపోయి, మళ్లీ నడిచి వచ్చారు. టైపు మిషన్లకు కాలం చెల్లి, ఇన్‌స్టిట్యూటును కంప్యూటరు సెంటరు చేసినప్పుడు నన్నూ పనిలో పెట్టుకున్నారు.

"చౌడప్పా, కొత్త మగ్గం దింపుకుంటే అది బాగుండాదో లేదో మీ నాయనకు ఎట్ల తెలుస్తాది?" అని అడిగారు ఒకరోజు.

"జానెడు నేసి చూస్తాడు టీచరమ్మా."

ఆ మాటతో ఊరుకోలేదు. సాయంత్రం మా ఇంటికొచ్చి మగ్గం గుంత పక్కన గొంతుక్కూర్చున్నారు. మా నాయన నేసిన జానెడు బట్టను వేలితో చూపించాడు. "నడిమి ఎవురు నేసినా బాగానే కనపడతాదమ్మా. మగ్గంలో దోసముంటే ముందు అంచు లాగుతాది. నేను అంచే చూస్తా." ఆమె ఆ అంచును చాలాసేపు తడుముతూ ఉండిపోయారు. ఆ తరవాత మా సెంటరులోకి ఏ యంత్రం వచ్చినా, ఏ బ్రౌజరు మార్చినా, జానెడు నేయకుండా ఒప్పుకునేవారు కాదు. అంటే మా రోజువారీ పని ఒకటి మొదటినుంచి చివరిదాకా దాని మీద చేసి చూడాల్సిందే.

ఆ ఏడు నేత పనివాళ్లకు సర్కారు ఇచ్చే సాయానికి దరఖాస్తులన్నీ ఆన్‌లైన్లోనే పెట్టాలన్నారు. గడువు దగ్గరికొచ్చింది. అది దాటితే ఆ ఏటికి సాయం లేదు. మా బెంచీల నిండా మగ్గాలవాళ్లు. మా కంప్యూటర్లేమో పేజీ తెరవటానికే మూలుగుతున్నాయి. సరిగ్గా అప్పుడు ఒక డీలరు వచ్చాడు. పాతవన్నీ తీసుకుని కొత్తవి దింపుతానన్నాడు, బ్రౌజరు కూడా సరికొత్తదన్నాడు. ఒక యంత్రం తెచ్చి బల్ల మీద పెట్టాడు. టీచరు నన్ను పిలిచారు.

"జానెడు నేసినావా?"

"నేసినా. పేజీ తెరుచుకుంది, పేర్లన్నీ ఎక్కించినా. శానా ఉరుకుతాండాది."

"అంచు?"

నాకు అర్థం కాలేదు.

"రశీదు చేతికొచ్చిందా అప్పా?"

రాలేదు. నేను అంతదాకా పోలేదు. ముందు బెంచీలో ఉన్న ఓబుళమ్మను పిలిచి వేలిముద్ర పెట్టించారు. వేలిముద్ర తీసుకునే చిన్న పెట్టె ఎర్రగా వెలిగింది, పేజీ మాత్రం కదల్లేదు. "సర్వరు బిజీ మేడం" అన్నాడు డీలరు. పాత కంప్యూటరులో, పాత బ్రౌజరులో అదే దరఖాస్తు పెడితే రశీదు బయటికొచ్చింది.

నేను ఊరుకోలేకపోయాను. "ఏమప్పా, మా పాతవి పట్టుకోని పోదామని వచ్చినావే, ఇప్పుడు చెప్పు" అని డీలరు మీదికి పోయాను.

"నువ్వు ఆగు చౌడప్పా. అదే పాతదాంట్లో బ్యాంకు పేజీ తెరువు."

బ్రౌజరు మరీ పాతదని బ్యాంకు పేజీ తెరుచుకోనే లేదు.

"యాడ ఆగిపోయిందో చూడు, ఎందుకు ఆగిందో అడుగు. కోప్పడితే అది కదలదు" అని, టీచరు డీలరు వైపు తిరిగారు. "నాయనా, ఈ వేలిముద్ర పెట్టె కొత్త బ్రౌజరుకు ఎందుకు పలకలా?" అతనికి తెలియదు. ఫోన్లు చేయించి కనుక్కునేదాకా ఆమె వదల్లేదు. ఆ పెట్టెను నడిపే సాఫ్ట్‌వేరు పాత బ్రౌజరు కోసం రాసిందట, కొత్తదానికి ఇంకా రాలేదట. చివరికి మిగతావన్నీ మార్చి, ఒక పాతదాన్ని మాత్రం ఆ ఒక్క పనికి ఉంచుకున్నారు. దాని మీద దుప్పటి ముక్క కప్పి, అప్‌డేటు ఏదీ నొక్కవద్దని నాకు గట్టిగా చెప్పారు.

"మా ఇంటాయన మాదిరే ఉండాది టీచరమ్మా. ముసిలిదైనా ఒక్క పని మటుకు సక్కంగా చేస్తాది" అంది ఓబుళమ్మ. బెంచీలన్నీ నవ్వాయి. అన్నీ కొత్తవి పెట్టుకున్న పక్క వీధి సెంటరు నుంచి కూడా మనుషులు మా దగ్గరికే వచ్చారు. గడువులోపల అందరి చేతికీ రశీదు వచ్చింది.

కొన్ని నెలలకు ఆ సాఫ్ట్‌వేరు వచ్చింది. టీచరు కొత్తదాంట్లో తనే ఒక దరఖాస్తు పెట్టి, రశీదును వెలుతురుకు పట్టి చూసి, ఆ మధ్యాహ్నమే పాతదాన్ని తీయించేశారు. నాకు మనసొప్పలేదు. "ఇన్నాళ్లు ఆదుకునింది కదమ్మా" అన్నాను.

"అయితే దండ వెయ్యాల్నా? అంచు ఈడ కుదిరిందప్పా" అన్నారు, అప్పుడే ఇంకో పెట్టెలోకి తొంగిచూస్తూ.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. కడప అంగట్లో నేను రంగుల సంగతి వదిలేసి, జేబులోంచి పెన్‌డ్రైవు తీశాను. ముందురోజు నేను రాసిన అర్జీని ఆ లాప్‌టాప్ బ్రౌజరులో తెరిచి ప్రింటు ఇమ్మన్నాను. "పెద్దాయనా, ఇంకా ఏం చూస్తాండావు? అందరూ చిటికెలో కొనుక్కోని పోతాండారు" అన్నాడు అంగడాయన. కాగితం బయటికొచ్చింది. తెర మీద చక్కగా ఉన్న ఒత్తులు కాగితం మీద విడిపోయి పక్కకు పడ్డాయి. ఇంకో బ్రౌజరులో తెరిపించాను. ఈసారి ఒత్తులన్నీ వాటి చోట కూర్చున్నాయి.

మామూలుగానైతే నేను గొంతు పెంచాల్సిన సమయం అది. "ఎందుకట్ల వచ్చిందప్పా?" అని మాత్రం అడిగాను.

అతను రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. "నాకూ తెలీదే. ఉండు, చూద్దాం" అని నాకు స్టూలు జరిపాడు.