ఉడుత మొగుడి అనుమానం

మా తోడల్లుడు కట్టుడు పళ్లు చేసేవాడు. మా వీధిలో ముసలివాళ్ల నవ్వులు సగం అతని చేతిలో తయారైనవే. రోజంతా కంటికి భూతద్దం తగిలించుకుని పళ్లు అరగదీస్తూ కూర్చోవడంతో, ఆ అద్దం తీసేశాక కూడా అతనికి లోకం అలాగే కనిపించేది. పాలు చిక్కగా ఉంటే, పాలవాడు ఇవాళ ఎందుకింత మంచివాడయ్యాడని ఆరా తీసేవాడు. ఒకసారి తన నీడ తనకంటే ముందు నడుస్తోందని సందు మార్చి ఇంటికొచ్చాడు. ఇది నేను అల్లిందంటారు కొందరు. వాళ్లు అతన్ని చూడలేదు. మేమంతా అతన్ని భూతద్దం అనే పిలిచేవాళ్లం.

అలాంటివాడి భార్య, అంటే మా మరదలు, ఆదివారం మధ్యాహ్నాలు ఒక లావుపాటి పుస్తకం సంచిలో వేసుకుని బయటికి వెళ్లడం మొదలుపెట్టింది. పుస్తకాలు చదివేవాళ్లం కలుస్తామని చెప్పింది. నిజమే చెప్పింది. ఏదైనా అబద్ధం చెప్పి ఉంటే అతను అంత హైరానా పడేవాడు కాదు.

ఒక సాయంత్రం ఆమె ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడటం విన్నాడు. మర్నాడే దుకాణం కట్టేసి నా దగ్గరికి వచ్చాడు.

"అన్నయ్యా, కుందేలు నా కోసం గుమ్మంలోనే నిలబడి ఉంటుంది అంది. ఎవరా కుందేలు?"

"ఆడా, మగా?"

"అదే కదా నా బాధ. ముళ్లపందికి ఏమైనా అయితే నేను తట్టుకోలేను అని కూడా అంది."

"ముళ్లపంది నువ్వే అయ్యుంటావు. అంటే నీ మీద ప్రేమ ఉన్నట్టే."

అతను నవ్వలేదు. తువ్వాల్లో చుట్టి తెచ్చిన పుస్తకం బయటికి తీశాడు. అట్ట మీద కత్తి పట్టిన ముసలి ముళ్లపంది. అడవి జంతువులు కోటలు కట్టుకుని యుద్ధాలు చేసే కథల వరసలో అది కొత్త సంపుటం. ముందున్న కాసిని పేజీలు వదిలేసి, మిగతా పుస్తకాన్ని పార్సిల్లా దారంతో కట్టేశారు.

"చూశావా? దాచాల్సింది లేకపోతే దారం ఎందుకు? నువ్వు కాన్వెంటులో చదివినవాడివి, ఇలాంటి గుట్లు విప్పగలవు."

కాన్వెంటులో మాకు నేర్పింది వరుసలో నిలబడటం, గట్టిగా నవ్వకపోవడం. రెండోది నాకు అబ్బలేదు. అయినా బిగపట్టుకుని, "చివరిదాకా చదివితే గానీ తేలదు తమ్ముడూ," అన్నాను.

చదివాడు. దుకాణంలో పళ్ల అచ్చుల మధ్య పెట్టుకుని చదివాడు. కుందేలు గుట్టు పట్టుకుందామని మొదలుపెట్టినవాడు, అది సొరంగంలో చిక్కుకునేసరికి దాని ప్రాణం కోసం గోళ్లు కొరుక్కున్నాడు. ఆ రోజుల్లో పళ్లు కట్టించుకున్న ఒక పెద్దమనిషికి కోరపళ్లు కాస్త పొడుగొచ్చాయి. చదవడం అయ్యాక దారం మళ్లీ కట్టి, పుస్తకం సంచిలో యథాస్థానంలో పెట్టేశాడు.

కానీ గుమ్మంలో నిలబడే కుందేలు ఎవరో తేలలేదు. ఆదివారం నన్ను సాక్షిగా లాక్కుని ఆమె వెనకాలే బయలుదేరాడు.

ఆమె వెళ్లింది సైకిల్ షాపు వెనక గదికి. గుమ్మంలో అట్టముక్కతో చేసిన చెవులు పెట్టుకుని బస్సు కండక్టరు నిలబడి ఉన్నాడు. కుందేలు అతనే. లోపల అందరికీ ఉన్ని తోకలు. మా మరదలు ఉడుత. ఆ తోకలన్నీ అల్లింది ఆమే. మేం తలుపు పక్కన నక్కాం.

అప్పుడు తెలిసింది దారం సంగతి. ఎవరూ ముందే చదివేయకుండా, ఆ వారం చదవాల్సిన వంతు అయ్యాక ఒకరి పుస్తకం ఇంకొకరు కట్టి ఇస్తారు. మళ్లీ అందరి ఎదుటే విప్పాలి. అదీ వాళ్ల పద్ధతి. కండక్టరు మా మరదలి పుస్తకం అటూ ఇటూ తిప్పాడు.

"ఉడుతమ్మా, ఇది నేను వేసిన ముడి కాదే."

"అందరి ముందూ మీరే కదండీ వేశారు."

"నా ముడి వంకరగా ఉంటుంది. ఇది డాక్టరు కుట్టు వేసినట్టుంది."

షాపు యజమాని తాబేలు. సంఘానికి పెద్ద. "ముందే చదివితే తోక విప్పేసి వెళ్లాలమ్మా," అన్నాడు నెమ్మదిగా.

"నేను చదవలేదండీ," అంది మా మరదలు. ఆమె చెయ్యి తోక ముడి మీదికి వెళ్లింది. ఆమె దాన్ని విప్పబోవడం భూతద్దం చూశాడు. తలుపు తోసుకుని లోపలికి వెళ్లాడు.

"విప్పింది నేను. చదివింది కూడా నేనే."

కండక్టరు అతన్ని ఎగాదిగా చూశాడు. "భార్యని కాపాడుకోవడానికి చెబుతున్నారు. తలుపు చాటున నిలబడి వినే మనిషిని ఎలా నమ్మమంటారు?"

"కావాలంటే వినండి. చివర్లో ముళ్లపందికి..."

గదిలో అందరూ చెవులు మూసుకున్నారు. కండక్టరు కంగారులో అట్టచెవులు మూసుకున్నాడు.

అదీ చిక్కు. చదివానని రుజువు చేయాలంటే కథ చెప్పాలి. చెబితే వినేవాడు లేడు. చివరికి తాబేలే దారి చూపాడు. "ఈయన్ని మధ్యలో కూర్చోబెట్టండి. మనం మన వంతు చదువుకుందాం."

ఆ వారం వంతు భలే సరదాగా ఉంది. ముళ్లపంది మనవళ్లని వీపెక్కించుకుంటానంటుంది, మనవళ్లు పారిపోతారు. గదంతా నవ్వులే. భూతద్దం ఒక్కడి కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారుతున్నాయి.

నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కండక్టరు చెవులు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఈయన చదివాడు," అన్నాడు. ముళ్లపంది గతి ఏమిటో కూడా అందరికీ అర్థమైపోయింది. తాబేలు ఇక చదవలేకపోయాడు.

మా మరదలు తోక ముడి బిగించుకుంది. తిరిగి వస్తూ దారిలో అడిగింది.

"ఎందుకు విప్పారు?"

"కుందేలు ఎవరో తెలుసుకుందామని."

"నన్నడిగితే చెప్పేదాన్ని కదా."

"చెబుతావు. చెప్పాక నమ్మాలి కదా."

ఆమె విసవిసా ముందు నడిచింది. ఇంట్లో వదిలి వెళితే ఇంకేం విప్పుతాడోనని, తర్వాతి ఆదివారం నుంచి అతన్ని కూడా తీసుకెళ్లింది. మొహం చూస్తే కథ తెలిసిపోతుందని గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు. ఒకనాడు చూద్దామని నేనూ వెళ్లాను. కుందేలు పెళ్లి ఘట్టం చదువుతున్నారు. గోడవైపు తిరిగినవాడి భుజాలు చిన్నగా అదిరాయి. కండక్టరు గతుక్కుమన్నాడు.

మా మరదలు లేచి వెళ్లి అతని వీపు మీద దుప్పటి కప్పి వచ్చి కూర్చుంది. అయినా ఆ తర్వాత ఆమె పుస్తకం వైపు చూసింది తక్కువ, ఆ దుప్పటి వైపు చూసింది ఎక్కువ.