లైటు తగ్గలేదు

వీధి చివర బ్యాటరీల కొట్టు నడిపే ఆవిడను అందరూ బ్యాటరీ అక్క అనేవాళ్ళు. ఆమెకన్నా ఇరవయ్యేళ్ళు పెద్దవాళ్ళు కూడా, ఎదురుగా అమ్మాయ్, చెల్లెమ్మా అన్నా, చాటున అదే పేరు వాడేవాళ్ళు. కొట్టు వాళ్ళ నాన్నది. ఆయన పోయాక ఇక మూసేస్తారనుకున్నారు. నెల తిరక్కుండానే ఆమె షట్టరు ఎత్తింది.

ఆమెకో మొండి అలవాటుంది. బండి కదలట్లేదని ఎవరొచ్చినా, "బ్యాటరీ పోయింది" అన్న మాట మాత్రం ముందుగా అనదు. కొత్తల్లో ఒకసారి తొందరపడి అలా అనేసి ఒకాయనకు కొత్తది అంటగట్టింది. అసలు తప్పు ఇంకెక్కడో ఉంది. ఆయన బండి ఘాట్ రోడ్డు మీద పిల్లలతో సహా ఆగిపోయింది. తిరిగొచ్చాక ఆయన ఆమెను ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేదని ఇప్పటికీ అనుకుంటుంది.

ఆ రోజు పొద్దున పదకొండు గంటలకు ఎదురింటి టైలరు పరుగెత్తుకొచ్చాడు.

"చెల్లెమ్మా, మీ వదినకి కందిరీగ కుట్టింది. ఊపిరాడట్లేదు. మాస్టారి కారు స్టార్ట్ అవ్వట్లేదు!"

అంబులెన్సుకు ఫోన్ చేస్తే అరగంట పడుతుందన్నారట. ఆ వేళకి వీధిలో ఆటో దొరకదు, మిగిలే కారు రిటైరైన లెక్కల మాస్టారిది ఒక్కటే. అక్క రెండు బ్యాటరీలను కలిపే ఎర్ర, నల్ల జంపర్ కేబుళ్ళు భుజాన వేసుకుని వెళ్ళేసరికి టైలరు భార్యను వెనక సీట్లో కూర్చోబెట్టారు. పెదవులు ఉబ్బిపోయాయి, కళ్ళు మూసుకుపోయాయి. ఊపిరి తీసినప్పుడల్లా గొంతులోంచి ఈల వేసినట్టు చప్పుడు వస్తోంది.

మాస్టారు కీ తిప్పారు. టక్. అంతే.

"బ్యాటరీ పోయింది," అన్నాడు గేటు దగ్గర నిలబడ్డ ఇస్త్రీ ఆయన.

"ఆరు నెలలు కాలేదు. నువ్వే కదమ్మాయ్ వేశావు," అన్నారు మాస్టారు.

"కొట్లో ఇంకోటి ఉందిగా. తెచ్చి పెట్టు చెల్లెమ్మా," అని టైలరు ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"హెడ్‌లైట్లు వేయండి మాస్టారూ."

ఎదురు గోడ నీడలో తెల్లగా వెలిగింది.

"అవి వేసే ఉంచి కీ తిప్పండి."

టక్. గోడ మీద వెలుతురు పిసరంత కూడా తగ్గలేదు.

"బ్యాటరీ బాగానే ఉంది," అంది అక్క.

"తన పెరుగు పుల్లనని ఎవరంటారు లెండి," అన్నాడు ఇస్త్రీ ఆయన.

ఆ మాట సూదిలా దిగింది. తన సరుకని వెనకేసుకొస్తోందా నిజంగా? మళ్ళీ ఆలోచించింది. బ్యాటరీలో ప్రాణం లేకపోతే కీ తిప్పగానే లైట్లు గుడ్డి దీపాలవ్వాలి. అవ్వలేదు. అంటే కరెంటు ఉంది, ఇంజన్ని తిప్పే సెల్ఫ్ మోటారును ఆడించట్లేదు. మధ్యలో దారన్నా చెడి ఉండాలి, మోటారన్నా పోయి ఉండాలి. మోటారే పోతే చేసేదేం లేదు. తోద్దామంటే గేర్లు వాటంతటవే మారే బండి, తోస్తే అందుకునే రకం కాదు.

"మార్చడానికే పది నిమిషాలు పడుతుంది అన్నయ్యా. మార్చాక కూడా ఇదే టక్కుమంటే?"

"నీకు దణ్ణం పెడతాను, ఏదో ఒకటి చెయ్యి!"

వెనక సీట్లో ఈల సన్నబడింది.

ఆమె బానెట్ ఎత్తి బ్యాటరీ మీది రెండు క్లాంపులూ పట్టి కదిపింది. బిగుతుగానే ఉన్నాయి. మైనస్ నుంచి ఇంజన్‌కి దిగే ఎర్త్ వైరు వెంట చెయ్యి పోనిచ్చింది. కంటికి ఆనని చోట, చివరి బోల్టు దగ్గర, వేలికి పొడిపొడిగా తుప్పు రాలింది. విప్పి గీకే వ్యవధి లేదు. నల్ల కేబుల్ ఒక కొస బ్యాటరీ మైనస్‌కి తగిలించి, రెండో కొస ఇంజన్ మీద పెయింటు లేని ఇనప కొక్కేనికి కరిపించింది. పాత తీగతో పనిలేకుండా కరెంటుకి ఇంకో దారి.

"తిప్పండి."

మాస్టారు వెనక సీటు వైపే చూస్తున్నారు.

"తిప్పండి మాస్టారూ!"

ఇంజన్ ఒక్క ఊపున అందుకుంది.

కేబుల్ తీస్తే మళ్ళీ ఆగిపోవచ్చు. అందుకని తిరిగే బెల్టుకు తగలకుండా దాన్ని తాడుతో కట్టేసి, బానెట్ దించి, తనూ ముందు సీట్లో కూర్చుంది.

ఆస్పత్రి గుమ్మంలోనే ఇంజక్షన్ చేశారు. కాసేపటికి ఈల ఆగింది. ఎందుకాగిందో తెలియక టైలరు గోడకి ఆనుకుని కూలబడ్డాడు. నర్సు బయటికొచ్చి, "ఊపిరి బాగానే తీసుకుంటోందండీ," అన్నాక గాని ఏడవలేదు. అక్క కొళాయి కింద చేతులు పెట్టి, మురికి వదిలిపోయాక కూడా చాలాసేపు కడుక్కుంటూనే ఉంది.

మూడో రోజు టైలరు భార్య కొట్టుకొచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"అంతమంది అరుస్తున్నా బ్యాటరీ కాదన్నావటగా. అంత నమ్మకమేంటే నీకు?"

"బ్యాటరీ కాదని నమ్మకమే వదినా. ఎర్త్ వైరే అని మాత్రం లేదు. మోటారు పోయుంటే నా దగ్గర ఇంకో ఉపాయం లేదు."

వదిన స్టూలు దగ్గరికి జరుపుకుంది.

"ఆ మాట మీ అన్నయ్య దగ్గర అనకు," అంది. "ఆయన ఇప్పటికే నిద్రలో లేచి నా ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నారు."